గాజు పెంకు కింది దాసాని

1956 జూన్ 3, ఆదివారం

నేను పని మానేసి ఇన్నేళ్లయినా ఉల్లిపాయల మండీ వాళ్లు ఏటా ఒక డైరీ పంపిస్తూనే ఉన్నారు. ఇంతవరకు ఏదీ తెరవలేదు. ఈ ఏటిది సగం ఖాళీగా పోయింది. మిగిలిన సగంలో దాసాని చెట్టు సంగతులు రాసుకుంటే పనికి వస్తుంది. తొట్టిని ఏ వారం ఎటు తిప్పానో మరిచిపోతున్నాను.

ఈ రోజు కాస్త తూర్పుకు తిప్పాను. నడిమింటి కప్పులో ఉన్నది ఒకటే గాజు పెంకు. దాని కింద వెలుగు పడే చోటు రెండు జానలు. చెట్టు వెలుగు వైపే సాగుతుంది. తిప్పకపోతే ఒంటి పక్కకు వాలిపోతుంది.

ఆకులు తడిగుడ్డతో తుడిచాను. వంటింటి పొగ జిడ్డు. మన్ను మీద కొబ్బరి పీచు పరిచాను. లోపల ఉన్న చెట్టు గదా, మన్ను ఎప్పుడు ఆరిందో తెలియడం లేదు.

జూన్ 4

మొగ్గలు బాగున్నాయి.

జూన్ 6

లేచి చూసేసరికి ఇత్తడి చెంబు నా గది గడప దగ్గర ఉంది. కోడలు పంకజం పెరటి వసారాలో చాప వేసుకుంది. ఈ మూడు రోజులూ వంట, చెట్టుకు నీళ్లు నావి.

ఇది మా ఇంటామె చేసిన ఏర్పాటు. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో, ఆ మాట మామకు ఎట్లా చెబుతుంది, చెట్టు చెంబు ఆయన గడప దగ్గర పెడితే చాలు అన్నది. ఆ మూడు రోజుల్లో ఆడమనిషి తాకితే పూలచెట్టు వాడిపోతుందని కూడా అన్నది. నేను ఏమీ అడగలేదు. ఆమె పోయి మూడేళ్లయింది. చెంబు మాత్రం నెలనెలా వస్తూ ఉంది.

చారు పెట్టాను. దామోదరం మాట్లాడకుండా తిని షిఫ్టుకు పోయాడు. మా వాడికి తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ పని. మాట్లాడకపోవడం నా దగ్గరే నేర్చుకున్నాడు.

జూన్ 9

చెంబు చెట్టు దగ్గరికి పోయింది.

జూన్ 17, ఆదివారం

తొట్టిని తిప్పాను.

పక్క వాటాలో ఉండే భాష్యం గారు పేపరు చదువుకోవడానికి వచ్చి చెట్టును చూస్తూ నిలబడ్డాడు. బెజవాడ వైపు నుంచి కొత్తగా వచ్చిన మనిషి. దాసానిని మందారం అంటాడు.

"ఇది దొడ్లో ఉండాల్సిన మొక్క కదండీ. నడిమింట్లో కూర్చోబెట్టారేమిటి, కొత్త కోడల్లాగా?"

"ఈడ బాగుండాది" అన్నాను.

అసలు సంగతి వేరు. మొదట ఇది వీధి అరుగు మీదే ఉండేది. తెల్లవారేసరికి ఒక్క మొగ్గ మిగిలేది కాదు. దేవుడికి కోసుకుంటే దొంగతనం కాదు గదా. ఎక్కువ కోసుకున్నది ఈయన భార్య. ఆ మాట ఆయనతో అనలేక గాజు పెంకు వేయించాను.

కొమ్మ పంకజం పుట్టింటిది. పెళ్లయి వచ్చిన రోజు తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. నాతో తను మాట్లాడేది ఈ చెట్టు గురించే. నేను తనతో మాట్లాడేదీ అంతే. "మామా, ఈ కొమ్మ తీసేసేదా?" "వొద్దమ్మా. ఆదివారం చూద్దాం." ఆరేళ్లుగా ఇంతకు మించి పెద్దగా మాట్లాడుకున్నది లేదు. ఇబ్బందీ లేదు.

జూన్ 29

బియ్యం కడిగిన నీళ్లు పోశాము. పువ్వు పెద్దదిగా వచ్చింది.

జూలై 4

చెంబు వచ్చింది. అన్నం మెత్తనైంది.

జూలై 6, శుక్రవారం

తొండియార్‌పేట నుంచి అమ్మణి అక్క వచ్చింది. బస్సులో నిలబడి వచ్చానని మోకాళ్లు పట్టుకుంది. నా గదిలోకి వస్తూ గడప దగ్గర ఆగింది.

"ఏం స్వామీ, మళ్ళీ వచ్చిండాదే ఇది."

నేను చెంబు తీసి లోపల పెట్టబోయాను.

"ఇప్పుడు దాచి ఏం లాభం? ఆరేండ్లుగా ఈడికీ ఆడికీ తిరిగి అంచు అరిగిపోయుండాది. నాకు మోకాళ్ళు నొప్పి, దీనికి కాళ్ళు కూడా లేవు, పాపం."

వసారా తలుపు తెరిచే ఉంది. చాప కదిలిన చప్పుడైంది.

అక్క గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గిస్తే పక్క వాటాలో వినపడదు, వసారాలో వినపడుతుంది. "దీపావళికి పిల్లను అమ్మగారింటికి పంపీ. పండగ గదా, ఎవురూ ఏమీ అనుకోరు. పోయినాక పిలవబాకు."

"పిలవకపోతే?"

"పిలవకపోతే ఆడనే ఉంటాది. అంతే దా."

"రెండో పెళ్ళికి చట్టం ఒప్పుకోదు అక్కా."

"పెళ్ళని నేనన్నానా? ముందు పోనీ. ఆరణి తట్టు ఒక పిల్ల ఉండాది. కొండమీద తాళి కట్టించుకొస్తే చట్టానికి ఎవురు చెప్తారు, నువ్వా? నీకు నోరుంటే గదా."

కాఫీ కలిపి ఇచ్చాను. డికాషన్ పలచనైంది. తాగింది.

అక్కకు ఎదురు చెప్పడం నాకు అలవాటు లేదు. అమ్మ పోయాక నాకు తల దువ్వింది, పలకా బలపం ఇచ్చి బడికి తరిమింది ఆమే. దీపావళికి ఇంకా చాలా కాలం ఉంది.

జూలై 7

చెంబు చెట్టు దగ్గరికి పోయింది.

జూలై 20

ఆడి నెల మొదటి శుక్రవారం. అమ్మవారి పటానికి ఇంటి పువ్వే. ఆకు వెనక పిండి పురుగు కనిపించింది. వేపనూనె చుక్క గుడ్డకు పూసి తుడిచాను. ఇక లేదు.

ఆగస్టు 2

చెంబు రాలేదు.

ఆగస్టు 5, ఆదివారం

తొట్టిని తిప్పాను. చెంబు రాలేదు.

ఆగస్టు 8

రాలేదు. మూడు రోజుల వంట తప్పింది. చేతులకు పని లేక పాత తాళాలకు నూనె వేశాను.

ఆగస్టు 12, ఆదివారం

పంకజం పొద్దున్నే చెట్టు దగ్గర కూర్చుని ఒక్కొక్క ఆకూ పైకి తిప్పి, కిందికి తిప్పి చూస్తోంది. దీపం కూడా దగ్గర పెట్టుకుంది.

"ఏమన్నా పట్టిందా అమ్మా?"

"లేదు మామా. ఊరికే."

చెట్టును ఇంత శ్రద్ధగా చూడడం ఎప్పుడూ చూడలేదు. కడుపుతో ఉన్నప్పుడు మా ఇంటామె కూడా ఇట్లాగే ఉండేది. పిల్లిపిల్లను చూసినా, మొక్కను చూసినా అక్కడే కూర్చుండిపోయేది.

ఆగస్టు 15

సెలవు. జెండా చూసి వచ్చాను. కొళాయి నుంచి పంకజం బిందె ఎత్తబోతుంటే నేను తీసుకున్నాను.

"ఎందుకు మామా?"

"ఊరికే."

ఆగస్టు 16

తొట్టి నేల మీద ఉంది. నీళ్లు పోయాలంటే నడుము వంచాలి. తను లేవక ముందే, ముఖం కడుక్కోగానే నేనే ఒక చెంబు పోశాను. రోజూ ఇట్లా చేయవచ్చు. చెప్పవలసిన పని లేదు. చెబితే సిగ్గుపడుతుంది.

ఆగస్టు 17 నుంచి

రోజూ పోస్తున్నాను.

ఆగస్టు 26, ఆదివారం

తొట్టి కింది పళ్లెంలో నీళ్లు నిలుస్తున్నాయి. ఈ మధ్య వానలు. గాలిలో చెమ్మ ఉంటే ఇట్లాగే ఉంటుంది. పారబోశాను.

ఆగస్టు 31, శుక్రవారం

నెల తిరిగింది. చెంబు రాలేదు.

అక్క వచ్చింది. గడప దగ్గర ఆగింది.

"చెంబేది?"

"చెట్టు దగ్గర."

"పోయిన నెల?"

"అప్పుడూ ఆడనే."

నేను అన్నది ఇంతే. అక్క లేచి పటానికి దండం పెట్టింది. మోకాళ్ల నొప్పి మరిచిపోయి వంటింట్లోకి పోయింది. పంకజం పిండి రుబ్బుతోంది.

"ఇంక రోలు ముట్టబాకు. లే. నేను రుబ్బుతా. సిగ్గెందుకే, ఇంట్లో ఇంకో ఆడది లేకపోతే ఎవురికి చెప్తావు, నీ మామకా? ఆ మనిషికి చెప్పేదీ గోడకు చెప్పేదీ ఒకటే."

పంకజం గొంతు వినపడలేదు.

అక్క పోతూ వాకిట్లో నా భుజం తట్టింది. దీపావళి మాట ఎత్తలేదు.

నేను అబద్ధం చెప్పలేదు. చెంబు ఎక్కడ ఉందో చెప్పాను.

సెప్టెంబరు 7, శుక్రవారం

అక్క ఒక జాడీ దబ్బకాయ ఊరగాయ తెచ్చింది. "నోరు చేదుగా ఉంటాది. పెరుగన్నంలోకి ఏసుకో" అని పంకజం చేతికి ఇచ్చింది. దసరా తర్వాత మంచి రోజు చూసి గాజులు తెస్తానన్నది. "నా చేత్తో ఏస్తా. ఆమె అమ్మ కంటే ముందు నేనే ఏస్తా."

పంకజం జాడీ పట్టుకుని నిలబడింది. దామోదరం ఆమెను చూశాడు, నన్ను చూశాడు, చొక్కా వేసుకుని బయటికి పోయాడు.

జాడీ మూత ఎవరూ తీయలేదు.

సెప్టెంబరు 13

కింది ఆకులు రెండు పచ్చబడ్డాయి. ముదిరిన ఆకులు. రాలడం సహజం.

సెప్టెంబరు 16, ఆదివారం

ఇంకా కొన్ని. తొట్టిని తిప్పాను.

సెప్టెంబరు 19

మొగ్గలు విచ్చకుండానే రాలాయి. చేత్తో తీసి చూశాను. పురుగు లేదు.

సెప్టెంబరు 21

చెట్టు తల వాల్చింది. నీళ్లు చాలడం లేదేమో. పొద్దున ఒక చెంబున్నర పోశాను.

పంకజం అన్నం సరిగా తినడం లేదు. వేవిళ్లు.

సెప్టెంబరు 28, శుక్రవారం

పటానికి పువ్వు లేదు. బండి మీద అమ్మేవాడి దగ్గర పంకజం మల్లె కొన్నది.

నేను పచ్చబడ్డ ఆకులు ఏరుతుంటే వచ్చి వెనక నిలబడింది.

"మామా, ఇది చచ్చిపోతే ఏమయితాది?"

"ఇంకో కొమ్మ నాటుకోవచ్చు."

"అది కాదు."

ఏది కాదో చెప్పలేదు. నేను అడగలేదు.

సెప్టెంబరు 29

ఒక చెంబున్నర.

అక్టోబరు 3

పైన చిగురు కూడా వాడింది. ఎండ చాలదేమోనని గాజు పెంకు నిచ్చెన వేసుకుని తుడిచాను. దామోదరం నిచ్చెన పట్టుకున్నాడు.

"నాయనా, పోనీలే. చెట్టే గదా" అన్నాడు.

వాడి ముఖం అట్లా లేదు.

అక్టోబరు 7, ఆదివారం

రాత్రి ఒళ్లు వెచ్చబడింది. ఆలస్యంగా లేచాను. నడిమింట్లోకి వచ్చేసరికి పంకజం స్నానం చేసి, తడి జుట్టుతో, చెంబు పట్టుకుని తొట్టి మీదికి వంగి ఉంది.

"నువ్వు వంగబాకమ్మా. నేను పోస్తా ఉండా గదా."

"మీరెప్పుడు పోస్తా ఉండారు?"

"తెల్లవారక ముందు. ఆగస్టు నుంచీ."

"నేనూ పోస్తానే ఉండా మామా. ఎప్పుడూ పోసినట్టే."

ఇద్దరం పీచు వైపు చూశాము. పైకి ఏమీ తెలియదు. తడిసిన పీచూ అట్లాగే ఉంటుంది, ఆరిన పీచూ అట్లాగే ఉంటుంది.

"నీకు చెప్పలేదు" అన్నాను. "ఈ సమయంలో నడుము వంచకూడదని."

పంకజం చెంబు కింద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడుచుకున్న చేతులనే మళ్లీ తుడుచుకుంది.

"ఏ సమయమూ లేదు మామా."

నేను గాజు పెంకు వైపు చూశాను. మబ్బు పట్టి ఉంది.

"అయితే చెంబు?"

"నేనే పెట్టలేదు. నెలనెలా వస్తానే ఉండాది. చాప వెయ్యలేదు. వంట చేసినా. పటానికి పువ్వు పెట్టినా. దీనికి నీళ్లు పోసినా." ఒక్కొక్కటీ చెప్పి ఆగింది.

"ఎందుకమ్మా?"

"అమ్మణి అత్త చెంబును చూస్తాది. పక్కింటామె కిటికీలోంచి చూస్తాది. మీరూ చూస్తారు."

"నేను ఎప్పుడన్నా ఏమన్నా అన్నానా?"

"అనరు మామా. చెంబు వచ్చిన పొద్దు పుస్తకం తీసి రాసుకుంటారు."

నేను చెట్టు సంగతి రాసుకుంటానని చెప్పాలనుకున్నాను. చెప్పలేదు.

"ఆయనకు తెలుసు" అన్నది. "మీకు చెప్పొద్దన్నారు. మీకు చెప్తే అత్తకు చెప్పినట్టే అన్నారు. అత్త ఊరగాయ తెచ్చిన పొద్దు నాకు నోరు రాలేదు. లేదంటే దీపావళికి పోవాల. ఉందంటే ఎన్నాళ్ళు?" చెట్టు వైపు చెయ్యి చూపింది. "నేను ముట్టుకున్నా గదా. అదే చెప్తా ఉండాది. చూడండి, ఒక్కో ఆకు రాల్చి అందరికీ చెప్తా ఉండాది."

రోజూ పొద్దున దీపం పెట్టుకుని ఆకులు తిప్పి చూసింది ఇందుకు.

తొట్టిని పక్కకు వంచి, మన్నుతో సహా చెట్టును బయటికి లాగాను. సులభంగానే వచ్చింది. అడుగు మన్ను అంబలి మాదిరి ఉంది. వేర్లు నల్లగా, పట్టుకుంటే తోలు ఊడి వచ్చేట్టు ఉన్నాయి.

"నీళ్లెక్కువయినాయి" అన్నాను. "ఇద్దరం పోసినాం. అంతే."

"అంతేనా మామా?"

"అంతే."

"నిజంగా అంటా ఉండారా, నన్ను ఊరుకోబెట్టేదానికా?"

"ముట్టుకుంటే వేరు కుళ్ళదు. నీళ్లు నిలిస్తే కుళ్ళుతాది. వాసన చూడు."

వంగి వాసన చూసింది. ముక్కు మూసుకుంది. "మా ఊళ్ళో చేపలు ఎండబెట్టిన చోటు మాదిరి ఉండాది." నవ్వింది. తర్వాత ఏడ్చింది. నేను కత్తి తేవడానికి వంటింట్లోకి పోయి, దొరికిన తర్వాత కూడా కాసేపు అక్కడే ఉన్నాను.

కుళ్లిన వేర్లు కోసేశాము. కొమ్మలన్నీ జానెడు ఎత్తుకు నరికాము. వీధి చివర ఇల్లు కడుతున్న చోట అడిగి ఇసుక తెచ్చాను. తొట్టి అడుగున పెంకు ముక్కలు వేసి, ఇసుక కలిపిన మన్నులో మోడును పెట్టాము. చెంబు ఎవరు తాకాలో ఎవరూ అనలేదు. పంకజమే కాసిని నీళ్లు చిలకరించింది.

తర్వాత గదిలోకి వచ్చి ఈ డైరీ వెనక పేజీలు తిరగేశాను. చెట్టు సంగతి రాద్దామని మొదలుపెట్టిన పుస్తకం. చెంబు వచ్చింది, చెంబు రాలేదు, చెంబు రాలేదు, రాలేదు అని ఉంది.

ఈ ఇంట్లో నన్ను చూసి భయపడే మనిషి ఉందని నాకు తెలియదు.

నేను తనకు చెప్పింది పూర్తిగా నిజమో కాదో కూడా నాకు తెలియదు. మా ఇంటామె నమ్మింది, వాళ్ల అమ్మ నమ్మింది. వేర్లు కుళ్లింది నిజం. అంతవరకు నేను కళ్లారా చూశాను.

అక్టోబరు 8

మోడు అట్లాగే ఉంది.

అక్టోబరు 12

అట్లాగే ఉంది. నాకూ తెలిసిందని దామోదరానికి తెలిసింది. భోజనం దగ్గర "చారు బాగుండాది నాయనా" అన్నాడు. చారు పెట్టింది నేను కాదు.

అక్టోబరు 19, శుక్రవారం

అక్క గాజులు తెచ్చింది. ఆకుపచ్చవి, ఎర్రవి, కాగితంలో చుట్టి, పైన పసుపు కొమ్ము. దామోదరం పనిలో ఉన్నాడు. నేను ఉదయం నుంచి ఒక వాక్యం సిద్ధం చేసుకుంటూ ఉన్నాను.

"పిల్లను పిలువు" అన్నది.

పంకజం పిలవక ముందే వచ్చింది. మోడు పక్కన నిలబడింది.

"అక్కా, ఏమీ లేదు. నేను చెప్పింది తప్పు."

అక్క కాగితం ముడి విప్పుతూ ఆగింది. నన్ను వదిలి పంకజాన్ని చూసింది. ముఖం మెత్తబడింది. "జారిపోయిందా తల్లీ?"

పంకజం నా వైపు చూసింది.

తల ఊపితే చాలు. అక్క దగ్గర కూర్చోబెట్టుకుని వీపు నిమిరేది. దీపావళి గండం దాటిపోయేది. ఆ తర్వాత చెంబు మళ్లీ గడప దగ్గరికి వచ్చేది. అక్క మళ్లీ అక్కడ ఆగేది.

"జారిపోలేదు" అన్నాను. "ఎప్పుడూ లేదు. చెంబు నా గడపకు రాకపోయేసరికి నేనే అనుకున్నా. నీకూ అట్లనే చెప్పినా."

"రాకపోతే మరి?"

"ఇంక రాదు. చెట్టుకు నీళ్లు ఈ పిల్లే పోస్తాది. అన్ని పొద్దులూ."

అక్కకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత మోడును చూపించింది. "పోసినందుకు ఏమయిందో కండ్ల ఎదుటనే ఉండాదే. నీ పెండ్లాం ఉండుంటే..."

"ఇది నా వల్ల. లెక్క లేకుండా నీళ్లు పోసినా. వేర్లు కుళ్ళినాయి."

"నీకు నోరెప్పుడు వచ్చింది స్వామీ?"

దానికి జవాబు సిద్ధం చేసుకోలేదు.

"సరి. దీపావళికైనా పంపిస్తావా లేదా?"

"పంపిస్తా. దామోదరాన్నీ పంపిస్తా. ఇద్దరూ పోయి ఇద్దరూ వస్తారు."

అక్క లేచింది. మోకాళ్లు పట్టుకుని నిలబడి, "నా జాడీ ఇయ్యమను" అన్నది. పంకజం ఊరగాయ వేరే గిన్నెలోకి తీసి, జాడీ కడిగి, తుడిచి, రెండు చేతులతో ఇచ్చింది. అక్క తీసుకుని మూత వాసన చూసింది. "మెంతిపొడి చాలలేదు ఈ సారి" అన్నది, ఎవరితోనో. బస్సు స్టాపు దాకా వెంట పోయాను. బస్సు ఎక్కేటప్పుడు చెయ్యి ఇచ్చాను. పట్టుకునే ఎక్కింది.

తిరిగి వచ్చి చూస్తే గాజులు బల్ల మీదే ఉన్నాయి. మరిచిపోయిందేమో. జాడీని మరవని మనిషి.

కాఫీ ఇవ్వడం మరిచాను.

అక్టోబరు 28, ఆదివారం

మోడును తిప్పవలసిన పని లేదు. తిప్పాను.

నవంబరు 1

దామోదరం, పంకజం ఆమె పుట్టింటికి పోయారు. పంకజం చెంబును తొట్టి పక్కన బోర్లించి పోయింది. "ఈ మూడు పొద్దులూ నీళ్లు వొద్దు మామా. మన్ను తడిగానే ఉండాది. మరిచిపోయి పోస్తారేమో."

నవంబరు 2

టపాకాయల పొగ గాజు పెంకును నల్లగా చేసింది.

నవంబరు 4

ఈ రోజు వస్తామన్నారు. రాలేదు.

నవంబరు 5

రాలేదు. ఈ మాట ఈ పుస్తకంలో చాలాసార్లు రాశాను.

పొద్దున మోడును వెలుగులోకి జరిపి చూశాను. పక్కన ఒక చోట బెరడు ఉబ్బినట్టు ఉంది. నా కళ్లు మంచివి కావు.

నవంబరు 6

సాయంత్రం వచ్చారు. ఫ్యాక్టరీ వాళ్లు సెలవు రెండు రోజులు పొడిగించారట. పంకజం చేతిలో తడిగుడ్డ. విప్పితే పుట్టింటి దాసాని కొమ్మ.

"ఇది చచ్చిపోయుంటే, అని తెచ్చినా."

బెరడు ఉబ్బిన చోటు చూపించాను. వేలితో తడిమి చూసింది. "కన్ను మామా. చిగురుకు కన్ను పడిండాది."

"అయితే కొమ్మ?"

"దాన్నీ నాటుదాం."

"రెండు జానల వెలుగు. రెండిటికీ చాలదు."

దామోదరం పైకి చూశాడు. "ఇంకో పెంకు తీసి గాజుది పెట్టిస్తే సరి" అన్నాడు.

నవంబరు 11, ఆదివారం

గాజు పెంకు తెచ్చి వేశాము. ఇప్పుడు నడిమింట్లో గాజులు కూడా కనిపిస్తున్నాయి. పంకజం వాటిని పటం దగ్గర పెట్టింది. వేసుకోలేదు, తిప్పి పంపలేదు.

తేదీ వేయను

ఈ రోజుకు తేదీ వేయడం లేదు.

ఉదయం పంకజం నా గది ముందుకు వచ్చింది. చేతిలో ఏమీ లేదు. "మామా, ఒళ్ళు నొప్పి. ఈ పూట వంట మీరు చెయ్యండి" అన్నది. సరే అన్నాను.

చాప వసారాలో వేయలేదు. నడిమింట్లో, తొట్ల పక్కన, కొత్త వెలుగు పడే చోట వేసుకుంది. పీచు తొలగించి, మన్నులోకి వేలు పెట్టి చూసి, ఒక చెంబు నీళ్లు రెండు తొట్లకూ సగం సగం పోసింది. పోసి పడుకుంది.

చారు పెట్టాను. దామోదరం, పంకజం నడిమింట్లోనే కూర్చుని తిన్నారు. పంకజం మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది.

"ఉప్పు రెండు సార్లు ఏసినారు మామా."

"ఏమో."

"ఇది మాత్రం మీరొక్కరే."

దామోదరం పొలమారేట్టు నవ్వాడు. నేను మజ్జిగ తేవడానికి లేచాను.

మోడుకు రెండు ఆకులు. తొట్టిని తిప్పలేదు.